బయట తాళం, లోపల చదువు

1968 మార్చి నెల, మూడో మంగళవారం, పగలు రెండు గంటల పది నిమిషాలకు నేను హాస్టల్ మొదటి అంతస్తులో పద్దెనిమిదో నంబరు గది తాళం తీశాను. టైము ఇంత కచ్చితంగా ఎట్లా చెబుతున్నానంటే, అంతకు ముందే మెస్‌లో గోడ గడియారం కింద కూర్చుని అన్నం తిని లేచాను. అంకెలు నాకు వచ్చు. అక్షరాలు రావు. అప్పటికి నా వయసు ముప్పై ఒకటి.

నా పేరు మల్లయ్య. యూనివర్సిటీ హాస్టల్లో అటెండర్‌గా ముప్పై రెండేళ్ళు చేసి నౌకరి నుంచి దిగాను. ఇప్పుడు మల్కాజ్‌గిరిలో ఉంటున్నాను. హాస్టళ్ళలో కొత్తగా చేరే అటెండర్లు, కేర్‌టేకర్లు, వార్డెన్లు చదువుతారని ఇది రాస్తున్నాను. చదువుకునే పిల్లలు చదివినా మంచిదే. వాళ్ళకు టైముండదంటారు. టైముండదనే వాళ్ళకే ఇది ఎక్కువ పనికొస్తుంది. నాకు సర్వీసులో జీతం ఎంత వచ్చింది, ఎప్పుడు పెరిగింది అన్నవి ఎవరికీ అక్కరలేదు. అవి రాయను.

తాళం అలవాటు

హాస్టల్లో ఒక అలవాటు ఉండేది. ఎవరు మొదలుపెట్టారో తెలియదు, నేను చేరేనాటికే ఉంది. పరీక్షలు నెల రోజులున్నాయనగా పిల్లలు నా దగ్గరికి వచ్చి గదికి బయటి నుంచి తాళం వేయించుకునేవాళ్ళు. పొద్దున ఎనిమిదింటికి వేస్తే సాయంత్రం ఐదింటికి తీయాలి. తాళం చూసి దోస్తులు గది ఖాళీ అనుకుని వెళ్ళిపోతారు. ముచ్చట్లుండవు, కారమ్స్ ఉండదు, తార్నాక ఇరానీ హోటల్లో చాయ్ ఉండదు. వరండా వైపు కిటికీ అద్దాలకు పాత పేపర్లు అంటించుకునేవాళ్ళు. కింది అద్దం ఒకటి తీసేస్తే ఆ సందులోంచి నేను చాయ్ గ్లాసు లోపల పెట్టేవాణ్ని. మధ్యాహ్నం అన్నం వద్దనేవాళ్ళు, పొట్ట నిండితే నిద్ర వస్తుందని. ఒంటికి పోవాల్సి వస్తే మూలన ఒక పాత డబ్బా.

లోపలున్నవాడు మాట్లాడకూడదు. ఏమన్నా కావాలంటే చీటీ రాసి తలుపు కింది నుంచి తోయాలి. ఆ చీటీ నేను మెస్ గుమాస్తా రహీం సాబ్‌కు తీసుకుపోతే ఆయన చదివి చెప్పేవాడు. ఎక్కువగా చాయ్ కోసమే ఉండేవి. అప్పుడప్పుడు సిరా, తలనొప్పి గోలీ.

ఇంకో షరతు కూడా ఉండేది. ఐదు కాకముందే తలుపు కొట్టి తీయమన్నవాడు వరండాలో ఉన్నవాళ్ళందరికీ తార్నాకలో చాయ్ తాపాలి. చాయ్‌తో పోయేది కాదు అది. ఆ తరువాత ఏడాదంతా వాణ్ని ఏడిపించేవాళ్ళు.

ఈ పని నాకు గర్వంగా ఉండేది. దాచుకుని లాభం లేదు. ఓనమాలు రాని నా నడుముకు ఎమ్మెస్సీలు చదివేవాళ్ళ తాళం చెవులు వేలాడేవి. వార్డెన్ రంగారావు గారికి నాకంటే ఎక్కువ గర్వం. ఎవరైనా పెద్దవాళ్ళు హాస్టల్ చూడటానికి వస్తే వరండా పొడుగునా నడిపించి "మా పిల్లలు ఎట్లా చదువుతారో చూడండి" అనేవాడు. తలుపులు చూపించి పిల్లలు అనేవాడు.

యాదగిరి

యాదగిరిది జనగామ అవతల ఒక పల్లె. లెక్కల ఎమ్మెస్సీ రెండో ఏడు. వాళ్ళ నాయనది వ్యవసాయం. ఆ ఊరి నుంచి అంత పెద్ద చదువుకు వచ్చినవాడు అతనొక్కడే. చేరిన కొత్తలో నోరు మూసేవాడు కాదు. నాకు పప్పు వడ్డించే పని పడితే ఇక చూసుకోండి.

"మల్లన్నా, ఈ పప్పుల పప్పు యాడ దాసినవే?"

"అడుక్కున్నది తమ్మీ, ఎతుక్కో."

"నాకు ఈత రాదన్నా. నువ్వే దిగి తీసుకరా."

సాయంత్రం ఐదు కాగానే చెప్పులేసుకుని తార్నాక దాకా నడిచేవాడు. వెంట ఎవరూ లేకపోతే నన్ను లాక్కుపోయేవాడు. మా ఊళ్ళో ఏం పంట వేస్తారు, బావిలో నీళ్ళు ఎంత లోతున ఉన్నాయి అని అడిగేవాడు. నన్ను అవి అడిగిన విద్యార్థి ముప్పై రెండేళ్ళలో మరొకడు లేడు.

మొదటి ఏడు పరీక్షల్లో క్లాసులో ఫస్ట్ వచ్చాడు. నాకు తెలిసి చెడింది అక్కడే. వార్డెన్ మెస్‌లో అందరి ముందు అతని భుజం మీద చెయ్యి వేసి, "ఈసారి గూడ ఫస్టే రావాలె. రెండో స్థానమంటే నాకు మొహం చూపియ్యకు" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. నాయన ఎవరితోనో జాబు రాయించి పంపాడు, ఊరంతా నీ దిక్కే చూస్తున్నదని. దోస్తులు పేరు మానేసి 'ఫస్టు' అని పిలవడం మొదలుపెట్టారు. నేనూ పిలిచాను.

జనవరి నుంచి సాయంత్రం నడక మానేశాడు. అతని చెప్పులు గది గుమ్మం దగ్గర దుమ్ము పట్టి ఉండేవి. ఆ దుమ్ము నేనే ఊడ్చేవాణ్ని, చెప్పులు పక్కకు జరిపి ఊడ్చి మళ్ళీ అక్కడే పెట్టేవాణ్ని. ధోబీకి బట్టలు వేయడం మానేశాడు. మెస్‌లో పుస్తకం ముందర పెట్టుకుని, అన్నం కలిపి, తినడం మరిచిపోయి చెయ్యి కడుక్కునేవాడు. ఆ కంచాలు తీసింది నేను. పప్పు మీద జోకులు ఆగిపోయాయి. అది చూసి నేను మిగతా పిల్లలతో ఏమన్నానో తెలుసా? "యాదగిరిని చూసి నేర్సుకోండ్రి, తిండి గూడ యాది లేకుంట సదువుతుండు."

ఫిబ్రవరిలో ఒకరోజు నీళ్ళ కుండ దగ్గర నన్ను ఆపాడు.

"మల్లన్నా, పండుకుంటే భయమైతున్నదే."

"ఏం భయం తమ్మీ?"

"నేను పండుకున్నప్పుడు ఇంకెవడో సదువుతుంటడు గదా. వాడు ముందుకు పోతుండు, నేను ఆడనే ఉంటున్న."

"ఇంకెన్ని దినాలు? రెండు నెలలు. ఓర్సుకో, అయిపోతది."

మంచి మాటే చెప్పాననుకున్నాను. ఒక మనిషి నాకు నిద్ర కరువైందని చెబితే, ఓర్చుకో అని నీళ్ళ బిందె ఎత్తుకుని నా దారిన నేను పోయాను.

ఆ మంగళవారం

పొద్దున ఎనిమిదింటికి తాళం పట్టుకుని వెళ్ళాను. యాదగిరి గడప మీదే నిలబడ్డాడు. గడ్డం ఒక చెంపకే గీసుకున్నాడు.

"మల్లన్నా, ఇయ్యాల వద్దేమో" అన్నాడు.

పక్క గది ప్రభాకర్ బ్రష్ నోట్లో పెట్టుకుని ఇది విన్నాడు. "ఏందిరా ఫస్టూ, అప్పుడే అలిసిపోయినవా? చాయ్ తాపి కూసో మరి" అన్నాడు. నేను కూడా నవ్వాను. యాదగిరి లోపలికి పోయాడు. తాళం వేశాను.

పదిన్నరకు తలుపు కింది నుంచి చీటీ వచ్చింది. రహీం సాబ్ కూరగాయల కోసం నల్లకుంట వెళ్ళాడు. చదివి చెప్పేవాడు లేడు. చాయే అయ్యుంటుందని చాయ్ తెచ్చి సందులోంచి పెట్టాను. పని అయిపోయిన చీటీ అనుకుని అంగీ జేబులో వేసుకున్నాను. పదకొండున్నరకు రహీం సాబ్ తిరిగొచ్చాడు, వంకాయలు నేనే దింపుకున్నాను. చీటీ చూపించలేదు. అది నాకు గుర్తుకే రాలేదు.

పన్నెండింటికి వార్డెన్ నన్ను తార్నాకలో ఇస్త్రీకి ఇచ్చిన ఆయన బట్టలు తెమ్మని పంపాడు. చెవుల గుత్తి నా నడుముకే ఉంది. నేను పోయిన కొద్దిసేపటికి పద్దెనిమిదో నంబరులో తలుపు కొట్టడం మొదలైందట. ఇది నాకు తరువాత రహీం సాబ్ చెప్పాడు, ఆయనకు ఆ పిల్లలే చెప్పారట. వరండాలో ప్రభాకర్, బాల్‌రెడ్డి, శంకర్ అనే ముగ్గురు విద్యార్థులు కారమ్స్ ఆడుతున్నారు.

"మల్లన్నా... మల్లన్నా" అని లోపలి నుంచి పిలిచాడట.

"మల్లన్న లేడు. ఐదింటిదాక సదువు" అన్నాడు ప్రభాకర్.

"ఒరేయ్, చాయ్ ఒక్కటే గాదు, బిస్కెట్ గూడ" అన్నాడు బాల్‌రెడ్డి.

శంకర్ మాత్రం, "గొంతు మంచిగ లేదురా" అన్నాడట. అని, స్ట్రైకర్ తీసుకుని తన వంతు ఆడాడట.

ఒంటిగంటకు వార్డెన్ ఆ వరండా మీదుగా పోయాడు. తలుపు చప్పుడు విన్నాడు. "డిస్టర్బ్ చెయ్యకండి, చదువుకోనియ్యండి" అని కారమ్స్ ఆడేవాళ్ళను మందలించి దిగిపోయాడు.

నేను ఒకటిన్నరకు వచ్చాను. బట్టలు ఇచ్చి మెట్లెక్కాను. చప్పుడు ఇంకా వస్తూనే ఉంది. గట్టిగా కాదు, మెల్లగా, ఆగి ఆగి.

"తియ్యకు మల్లన్నా, మూడున్నర గంటలు ఓర్సుకుంటే వాని చాయ్ వానికే మిగులుతది" అన్నాడు ప్రభాకర్.

తాళం చెవులు నా చేతిలో ఉన్నాయి. తలుపుకు పది అడుగుల దూరంలో ఉన్నాను. ఆకలవుతోంది. కిందికి పోయి అన్నం తిన్నాను.

తిని వచ్చేసరికి చప్పుడు ఆగింది. ఆగినందుకు తీశాను.

తలుపు వెనకాలే కూర్చుని ఉన్నాడు. వేళ్ళ కణుపుల మీద తోలు లేచి రక్తం వస్తోంది. ఒళ్ళు కాలిపోతోంది. పొద్దున నేను పెట్టిన చాయ్ కిటికీ దగ్గరే మీగడ కట్టి ఉంది. నన్ను చూశాడు కానీ గుర్తుపట్టలేదు. రహీం సాబ్ పరుగెత్తుకొచ్చి పట్టుకుంటే ఆయనకు తన నోటుపుస్తకం చూపించి, "ఇది ఎవరు రాసిన్రు? ఇది ఏం భాష?" అని అడిగాడు. అది అతని చేతిరాతే.

కింద చెట్టు నీడన వార్డెన్ కారు ఉంది. యాదగిరిని రిక్షాలో తీసుకుపోయాము.

వేలిముద్ర

ఆస్పత్రిలో డాక్టరు ఒకే ప్రశ్న అడిగాడు. "ఈ పిల్లగాడు పండుకోక ఎన్ని రోజులైంది?" వార్డెన్ నా మొహం చూశాడు. నేను రహీం సాబ్ మొహం చూశాను. ముగ్గురం రోజూ చూసే పిల్లవాడే. ఒక్కరికీ జవాబు తెలియదు.

మూడో రోజు వాళ్ళ నాయన వచ్చాడు. నన్ను పక్కకు పిలిచాడు.

"తాళమేసింది నువ్వేనా అన్నా?"

"నేనే."

"మావోడు పిలవలేదా? పిలిస్తే తియ్యకపోదువా నువ్వు?"

"నాకు వినపడలే" అన్నాను.

ఆ మనిషి నమ్మాడు. నా చెయ్యి పట్టుకుని, "నీ తప్పేమున్నదిలే" అన్నాడు. ఆ చెయ్యి విడిపించుకునేంత సిగ్గు కూడా నాకు లేకపోయింది.

ఆ వారమే నన్ను వార్డెన్ గదికి పిలిచారు. నా పేరు మీద ఏదో రాసి ఉంచారు. "వేలు పెట్టు" అన్నాడు వార్డెన్. పెట్టాను. చదివి వినిపించలేదు, నేను అడగలేదు. "మనసు గట్టిది కాదు వాడిది. మిగతా పదిమంది చదవడం లేదా?" అన్నాడాయన.

ఇంకొకటి కూడా రాయాలి. యాదగిరిని ఆస్పత్రికి తీసుకుపోయిన మర్నాడు బుధవారం, పొద్దున ఎనిమిదింటికి ప్రభాకర్ నా దగ్గరికి వచ్చాడు. "మల్లన్నా, టైమైంది" అన్నాడు. అతని గదికి తాళం వేశాను. ఆ ఏడూ వేశాను, ఆ తరువాతి ఏడూ వేశాను.

యాదగిరి పరీక్షలకు రాలేదు. మళ్ళీ ఎప్పుడూ రాలేదు. ఆ దిక్కు నుంచి వచ్చిన వాళ్ళను అడిగితే, మంచిగానే ఉన్నాడు, వ్యవసాయం చూసుకుంటున్నాడు, కాగితం ముందర పెడితే మాత్రం లేచి పోతాడు అన్నారు.

చీటీ

ఆ చీటీ ఆ రోజు రాత్రి అంగీ విప్పుతుంటే చేతికి తగిలింది. ఎవరికీ చూపించలేకపోయాను. అందులో ఏముందో తెలియదు, కానీ చాయ్ మాత్రం కాదని అప్పటికి అర్థమైంది. చూపిస్తే నౌకరి పోతుందని భయం. రహీం సాబ్ నాకు అన్న లాంటివాడు, ఆయనకు కూడా చూపించలేదు. రేకు పెట్టెలో బట్టల కింద దాచాను.

అడిక్‌మెట్‌లో పెద్దవాళ్ళకు సాయంత్రం బడి ఒకటి పెట్టారని విని చేరాను. నాతోపాటు రిక్షావాళ్ళు, ఇళ్ళల్లో పనిచేసే ఆడవాళ్ళు. చెప్పే పంతులమ్మ, "ఈ వయసుల ఎందుకు సదువాలనుకున్నవ్?" అని అడిగింది. "బస్సు మీది బోర్డు సదువుదామని అమ్మా" అన్నాను. ఒత్తులు పట్టుబడటానికే నాకు చాలాకాలం పట్టింది. మొత్తం ఏడాదిన్నర.

ఒకరోజు సాయంత్రం తార్నాక పోయే రోడ్డు పక్కన బండ మీద కూర్చుని ఆ చీటీ విప్పాను. ఒక్కో అక్షరం వేలు పెట్టి చదివాను.

"మల్లన్నా, తాళం తియ్యి. పుస్తకంల అక్షరాలు కనబడుతున్నయి గని సదువ వస్తలేదు. భయమైతున్నది. ఎవ్వరికి చెప్పకు. అందరికి చాయ్ నేనే తాపుతా."

మర్నాడు తాళాలన్నీ మూటగట్టి హాస్టల్ వెనక బావిలో వేశాను. పిల్లలు తిట్టారు. వార్డెన్ నన్ను ఒక ఏడాది తోట పనికి పంపాడు. పోయాను. యాదగిరి ఊరికి మాత్రం పోలేదు. బస్సు ఎక్కితే పూటలో పోయి వచ్చే దూరం. బోర్డు చదవడం కూడా వచ్చు. అయినా పోలేదు. వాళ్ళ నాయన ఎదురుపడితే ఏం చెప్పాలో తెలియక పోలేదు.

కొత్తగా చేరేవాళ్ళకు

బాగా చదివే పిల్లవాడి మీద ఎవరూ కన్నేసి ఉంచరు. అల్లరి చేసేవాణ్ని వార్డెన్ చూస్తాడు, ఫెయిలయ్యేవాణ్ని నాయన చూస్తాడు. ఫస్ట్ వచ్చేవాణ్ని మెచ్చుకుంటారు, అంతే. మెచ్చుకోవడం చూడటం కాదు. అందుకని మీరు చెప్పులు చూడండి, కంచం చూడండి, ధోబీ మూట చూడండి. జోకులు వేసేవాడు ఆపేస్తే ఎందుకాపాడో అడగండి. గదులు ఊడ్చే మనకు తెలిసినంత ఏ ప్రొఫెసరుకూ తెలియదు. తెలిసి ఊరుకుంటే మాత్రం మనకంటే పనికిమాలినవాడు లేడు.

తోట పని నుంచి తిరిగొచ్చాక ఒక పద్ధతి పెట్టుకున్నాను. సాయంత్రం ఐదు కాగానే వరండా పొడుగునా తలుపులు కొట్టుకుంటూ పోయేవాణ్ని. శామ్యూల్ అని ఒక పిల్లవాడు, కెమిస్ట్రీ. అతని కంచం నాలుగు రోజులుగా నిండుగా తిరిగి వస్తోంది.

"నడువు సారూ, తార్నాక పోదాం."

"నాకు టైం లేదు మల్లన్నా."

"అందుకే వచ్చిన. లెవ్."

"నువ్వేమన్న మా నాయనవా? పో!"

"మీ నాయన జాబు రాస్తడు. నేను తలుపు కొడత. నువ్వు లేచేదాక కొడత."

దారంతా నన్ను తిట్టాడు. ఇరానీ హోటల్లో రెండు సమోసాలు తిని, బల్ల మీద తల పెట్టుకుని అక్కడే నిద్రపోయాడు. హోటలాయన లేపబోతే నేను లేపనివ్వలేదు. శామ్యూల్‌కు సెకండ్ క్లాస్ వచ్చింది. ఫస్ట్ పోయింది నీవల్లే అని నాతో ఏడాదిపాటు మాట్లాడలేదు. మాట్లాడకపోతే మానె, మనిషి తన కాళ్ళ మీద నడిచి హాస్టల్ దాటి పోయాడు.

పిల్లలకు ఒక మాట. అన్నం మానేసి, నిద్ర మానేసి చదివితే చదువు వస్తుందని మీకు చెప్పినవాళ్ళెవరూ అట్లా చదివినవాళ్ళు కారు. అలిసిపోతే అలిసిపోయానని అనండి. నవ్వేవాళ్ళు నవ్వుతారు, ఆ నవ్వు పది రోజులుంటుంది. చీటీ రాసి ఊరుకోవద్దు. అందుకునేవాడు నాలాంటివాడు కావచ్చు. మనిషి ముందర నిలబడి, వినేదాకా నోటితో చెప్పండి.

ఎవరెవరు ఉన్నారు

నేను దిగిపోయే ముందు ఏడు, ఆఫీసు బీరువాలు దులుపుతుంటే పాత ఫైళ్ళు బయటపడ్డాయి. ఒకదాంట్లో నా వేలిముద్ర కనిపించింది. నా వాంగ్మూలం కనుక తెలుగులోనే రాయించారు. నిలబడే చదివాను. విద్యార్థి తన ఇష్టప్రకారమే తాళం వేయించుకున్నాడని ఉంది. ఎవరి సహాయమూ కోరలేదని ఉంది. ఆ సమయంలో వరండాలో గానీ, గది దగ్గర గానీ ఎవరూ లేరని ఉంది. కింద నా బొటనవేలు, నల్లగా, స్పష్టంగా.

ఆ కాగితం అబద్ధం. యాదగిరి ఊరివాళ్ళు, మీరు, ఎవరు చదివినా సరే, దాని బదులు ఇది ఉంచుకోండి. ఆ మంగళవారం పగలు పద్దెనిమిదో నంబరు గది దగ్గర ఉన్నవాళ్ళు వీళ్ళు. వార్డెన్ రంగారావు, విన్నాడు, దిగిపోయాడు. ప్రభాకర్, విన్నాడు, నవ్వాడు. బాల్‌రెడ్డి, విన్నాడు, నవ్వాడు. శంకర్, విన్నాడు, గొంతు బాగాలేదని గుర్తుపట్టాడు, ఆట ఆడాడు. గుమాస్తా రహీం సాబ్, కింద మెస్‌లో ఉన్నాడు, చీటీ చూపించి ఉంటే చదివేవాడు. అటెండర్ మల్లయ్య, తాళం చెవులు అతని దగ్గరే ఉన్నాయి, అన్నం తినడానికి పోయాడు. యాదగిరి, లోపల ఉన్నాడు, పిలిచాడు.